వస్లీ నుంచి దఫ్తీ దాకా: బొమ్మ వెనకాల అట్ట కథ

ఉర్దూ షాయరీ కాస్తో కూస్తో విన్నవాళ్లకు ‘వస్ల్’ అనే మాట కొత్త కాదు. ఆషిఖ్, మాషూఖ్ ఒకచోట చేరడం వస్ల్. విడిపోవడం హిజ్ర్. గజల్ సగం ఈ రెండు మాటల మధ్యే తిరుగుతుంటుంది. ఇదే వస్ల్ నుంచి ముసవ్విర్ల కార్ఖానాల్లో ఇంకో మాట పుట్టింది: వస్లీ. రెండో మూడో కాగితాలను లేయీ పెట్టి ఒకదాని మీద ఒకటి అతికించి, ఆరబెట్టి, నునుపు చేసి, దాని మీద బొమ్మ వేసేవారు. కాగితానికి కాగితంతో వస్ల్ జరిగింది కాబట్టి అది వస్లీ. మొఘల్ బొమ్మలైనా, మన దక్కనీ బొమ్మలైనా మ్యూజియంలో అద్దం వెనక చూస్తున్నప్పుడు మనం రంగుల్నే చూస్తాం. వాటిని ఇన్ని వందల ఏళ్లు నిలబెట్టిన వస్లీని ఎవరూ చూడరు.

ఈ మాట ఇప్పుడు ఎందుకు ఎత్తుతున్నానంటే, మన ఖాన్‌దాన్లలో పెద్దవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. వాళ్ల సందూఖులు, బీరువాలు తెరిస్తే కాగితాలు బయటపడుతున్నాయి. దాదా చేత్తో రాసిన తుగ్రా, నానా భద్రం చేసిన షజరా, ఎవరో కాతిబ్ రాసిచ్చిన నస్తాలీఖ్ ఖితా, ఫుప్పీ పెళ్లికి ముందు వేసిన వాటర్ కలర్ పూలు. వీటిలో చాలావాటికి ఫ్రేమ్ లేదు. కట్టించే తొందర కూడా లేదు, ఉన్నా పంపకాలు తేలలేదు. అంతవరకూ వాటిని ఎలా ఉంచాలి? వెనకాల ఏ అట్ట పెట్టాలి? జవాబు చిన్నదే, యాసిడ్ లేని అట్ట పెట్టాలి. కానీ యాసిడ్ అట్టలోకి ఎలా వచ్చిందో, ఎప్పుడొచ్చిందో తెలియకపోతే దుకాణంలో ‘యాసిడ్ ఫ్రీ’ అని చీటీ అంటించిన ప్రతిదాన్నీ నమ్మాల్సి వస్తుంది. అందుకే కాస్త తారీఖ్ చెప్పుకుందాం.

ఫ్రేమ్ లేని బొమ్మను దాచుకోవడం అనేది కొత్త సమస్య కాదు. అసలు ఫ్రేమ్ కట్టి గోడకు వేలాడదీయడమే మనకు కొత్త. మొఘల్ దర్బారులోగాని, బీజాపూర్, గోల్కొండ దర్బారుల్లోగాని ఇలాంటి చిన్న బొమ్మ చేతిలో పట్టుకుని చూసేది. బొమ్మలనూ ఖితాలనూ పుటలుగా కూర్చి జిల్దు కట్టించిన ఆల్బమ్‌ను మురఖ్ఖా అనేవారు. ఆ మాటకు అసలు అర్థం అతుకులది అని. దర్వేషులు తొడుక్కునే అతుకుల అంగీని కూడా మురఖ్ఖా అనే అనేవారు. ఎక్కడెక్కడి నుంచో తెచ్చిన ముక్కలన్నీ కలిపి కుట్టిన బట్టలాంటిదే ఈ ఆల్బమ్ కూడా. హెరాత్‌లో ఒక ఉస్తాద్ రాసిన నాలుగు వరుసలు ఒక పుటకు ఎక్కేవి, లాహోర్‌లోనో ఆగ్రాలోనో వేసిన బొమ్మ దాని వెనక పుటకు ఎక్కేది. చుట్టూ బంగారు పూల హాషియా.

జహంగీర్ కూర్పించిన గుల్షన్ మురఖ్ఖాలో చాలా భాగం ఇప్పుడు టెహ్రాన్‌లోని గులిస్తాన్ మహల్‌లో ఉంది. దారా షికోహ్ తన బేగం నాదిరా బానూకి కానుకగా ఇచ్చిన మురఖ్ఖా లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. అన్న మీద కక్షతో తమ్ముడు తఖ్త్ ఎక్కాడు, దారా తల పోయింది, సల్తనత్ పోయింది. ఆ పూల బొమ్మలు, పిట్టల బొమ్మలు మాత్రం దాదాపు నాలుగు వందల ఏళ్లుగా నిలిచే ఉన్నాయి. అవి నిలిచాయంటే అదృష్టం ఒక్కటే కారణం కాదు. వాటికి అంటుకుని ఉన్నది ఏమిటో కూడా చూడాలి.

ఏమిటంటే, చింకి గుడ్డలు. కాగితం చైనాలో పుట్టింది, అక్కడి నుంచి సమర్‌ఖంద్‌కు వచ్చింది. 751లో తలాస్ దగ్గర జరిగిన జంగ్‌లో చిక్కిన చైనా ఖైదీలు ఆ విద్య నేర్పారని ఒక రివాయత్ ఉంది. చరిత్రకారులు దాన్ని పూర్తిగా నమ్మరు, మార్గం అంతకుముందే తెరుచుకుందంటారు. ఏదైతేనేం, బాగ్దాద్ చేరేసరికి కాగజీలు పాత నార బట్టలను, జనపనార తాళ్లను నానబెట్టి, దంచి, గుజ్జు చేసి కాగితం తీస్తున్నారు. అక్కడి వర్రాఖుల బజారు కాగితాలకూ కితాబులకూ పేరుబడింది. చెట్టు బెరడు వాడే చైనా పద్ధతి ఇలా గుడ్డపీలికల పద్ధతి అయింది. ఇదే పద్ధతి హిందుస్తాన్ వచ్చింది.

దక్కన్‌లో దీనికి పెద్ద ఠికానా దౌలతాబాద్ కోట పక్కనున్న కాగజీపురా. ఒకప్పటి నిజాం రాజ్యంలోదే, ఇప్పుడు మహారాష్ట్రలో ఉంది. ముహమ్మద్ బిన్ తుగ్లఖ్ రాజధానిని ఢిల్లీ నుంచి దౌలతాబాద్‌కు మార్చినప్పుడు వెంట వచ్చిన కాగజీల ఔలాద్ మేమని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. మన తెలంగాణలో కోరుట్ల కూడా చేతి కాగితానికి పేరున్న ఊరే. పట్వారీల లెక్కలకు ఆ ముతక కాగితం వాడేవారు. తుగ్లఖ్‌ను అందరూ పిచ్చి బాద్షా అని నవ్వుతారు గానీ, ఆ పిచ్చి వల్ల దక్కన్‌కు ఎన్ని హునర్లు వచ్చాయో ఎవరూ లెక్క కట్టరు.

కాగజీల పనిలో మనకు కావలసిన ముక్క ఒకటుంది, సున్నం. గుడ్డపీలికల్ని, గోనె ముక్కల్ని, పాత తాళ్లని సున్నపు నీళ్లలో నానబెట్టి, దంచి, కడిగి, మళ్లీ సున్నం వేసి మళ్లీ దంచేవారు. ఎంత కడిగినా నారల్లో కొంచెం సున్నం మిగిలేది. ఆ సున్నం గాలి తగిలి కాల్షియం కార్బొనేట్‌గా మారుతుంది. గోడకు కొట్టిన వెల్ల గట్టిపడేదీ ఇలాగే. ఇది క్షారం. తర్వాత ఏళ్లలో గాలిలోంచో, చేతి చెమటలోంచో, ఇంకెక్కడి నుంచో యాసిడ్ కాగితంలోకి వస్తే ముందు దీనితో తలపడాలి, ఇది అయిపోయాకే కాగితం జోలికి రావాలి. కోట బయట కాపలా ఉన్న పహ్రేదార్ లాంటిది. కాగజీలకు కెమిస్ట్రీ తెలియదు, సున్నం వేస్తే గుజ్జు తెల్లగా మెత్తగా వస్తుందనే వేశారు. కానీ ఆ పహ్రేదార్ మూడు నాలుగు వందల ఏళ్లు కాపలా కాశాడు.

పాతదంతా పవిత్రం అనుకోనక్కర్లేదు. కాగితం మీద ఆహార్ పూసేవారు. పిండి గంజితోనో, గుడ్డు తెల్లసొనలో ఫట్కిరీ కలిపో. తర్వాత నున్నటి రాయితోనో గవ్వతోనో ముహ్రా పట్టి అద్దంలా మెరిపించేవారు. కలం జారిపోవడానికి ఇది తప్పనిసరి. ఫట్కిరీ, అంటే పటిక, యాసిడ్ గుణం ఉన్నదే. కాకపోతే అది పైపూతలో కొంచెం, లోపల సున్నం ఉండేది. రంగుల్లో ఇంకా గట్టి దుష్మన్ ఉంది: జంగార్, అంటే రాగికి పట్టించిన చిలుము నుంచి తీసిన పచ్చరంగు. పాత కితాబుల్లో పచ్చ గీత ఉన్నచోట కాగితం గోధుమరంగుకు తిరిగి, చివరికి కత్తితో కోసినట్టు ఊడిపోతుంది. దీన్ని ఆపడానికి జంగార్‌లో కాస్త జాఫ్రాన్ కలపమని పాత ఫార్సీ రిసాలాలు చెబుతాయి. బిర్యానీలో వేసే కుంకుమపువ్వుకు ఇలాంటి ఉద్యోగం కూడా ఉండేదన్నమాట. వస్లీ అతికించే లేయీలో చెదలు, పురుగులు పట్టకుండా నీలా తోతా కలపడం కూడా ఆనవాయితీ. ఇప్పటికీ వస్లీ తయారుచేసే ఉస్తాదులు కొందరు కలుపుతారు.

మన కాతిబుల అదృష్టం ఏమిటంటే వాళ్ల సియాహీ మంచిది. దీపం మసిని గోందుతో నూరి చేసిన నల్ల సియాహీ కాగితాన్ని తినదు, వెలుతురుకు వెలవెలబోదు. బీజాపూర్‌లో రెండో ఇబ్రాహీం ఆదిల్ షా దగ్గర ‘పాద్షా-ఎ-ఖలం’ అని ఖితాబ్ పొందిన మీర్ ఖలీలుల్లా నుంచి నిన్నమొన్నటి ఛత్తా బజార్ ఖుష్‌నవీసుల దాకా ఖత్తాతీకి అసలు సియాహీ ఇదే. యూరప్‌లో ఎక్కువగా వాడిన ఇనుము, మాజుకాయల సియాహీలో యాసిడ్ ఉంటుంది, అది కాగితాన్ని లోపలి నుంచి తొలుస్తుంది. కాబట్టి మీ ఇంట్లో పాత ఖితా పాడైందంటే నేరం చాలాసార్లు సియాహీది కాదు. వెనక్కి తిప్పి చూడాలి.

కథ తిరిగింది 19వ శతాబ్దంలో. 1807లో జర్మనీలో మోరిట్జ్ ఫ్రీడ్రిక్ ఇల్లిగ్ అనే ఆయన ఒక సులువు మార్గం చెప్పాడు. కాగితంపై సియాహీ పాకకుండా పైన గంజి పూయడం ఎందుకు, గుజ్జులోనే పైన్ చెట్ల బంకను పటికతో కలిపేస్తే సరిపోతుంది కదా అని. మిల్లులకు అది వరం అయింది. 1844 ప్రాంతంలో సాక్సనీలో ఫ్రీడ్రిక్ గాట్‌లోబ్ కెల్లర్ చెక్కను తిరిగే రాయి మీద అరగదీసి గుజ్జు చేసే పద్ధతి కనిపెట్టాడు. గుడ్డపీలికల కరువు తీరింది. అడవి ఉన్నన్నాళ్లూ కాగితం. పేదవాడి ఇంటికి అఖ్బార్ వచ్చిందన్నా, బడిపిల్ల చేతికి పలక బదులు నోట్‌బుక్ వచ్చిందన్నా ఈ ఇద్దరి పుణ్యమే, ఆ మేలు కాదనలేం.

కానీ రెండూ కలిసి కాగితం ఉమ్ర్ తగ్గించాయి. మిల్లుల్లో వాడిన పటిక, తేమ తగిలినప్పుడల్లా కొద్దికొద్దిగా గంధకామ్లాన్ని పుట్టిస్తుంది. కాగితం నారలు సెల్యులోజ్ అనే పొడవాటి గొలుసులు. యాసిడ్ ఆ గొలుసుల లింకుల్ని ఒక్కొక్కటే తెంపుతుంది. గొలుసు పొట్టిదైతే కాగితం వంచగానే విరుగుతుంది. అరగదీసిన చెక్కగుజ్జులో లిగ్నిన్ అనే పదార్థం కూడా ఉండిపోతుంది. చెట్టును నిటారుగా నిలబెట్టేది అదే. వెలుతురు, గాలి తగిలితే పసుపుపచ్చగా, తర్వాత గోధుమరంగుగా మారేదీ, మళ్లీ యాసిడ్ పుట్టించేదీ అదే. ఎండలో రెండు రోజులు వదిలేసిన అఖ్బార్ రంగు చూస్తే ఇక వేరే సుబూత్ అక్కర్లేదు.

మన దగ్గరికి ఈ కొత్త కాగితం ఇంగ్లిష్ మిల్లుల నుంచి వచ్చింది, తర్వాత ఇక్కడే తయారైంది. ఆదిలాబాద్ వెదురు అడవుల దగ్గర 1938లో సిర్పూర్ పేపర్ మిల్స్ మొదలైంది. ఆఖరి నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలం అది. మిల్లు చుట్టూ పెరిగిన ఊరికి కాగజ్‌నగర్ అనే పేరు నిలిచింది. తెలుగు నేల మీద ఉర్దూ కాగజ్ పేరుతో ఒక పట్నం ఉందంటే బయటి ఊళ్లవాళ్లు ఆశ్చర్యపోతారు. మిల్లులు రావడంతో కాగజీల చేతి పని ఎక్కడికక్కడ కుదించుకుపోయింది. ఉస్తాద్ తన వస్లీ తనే చేసుకునే రోజులూ పోయాయి. బొమ్మ వేసేవాడు వేరు, కాగితం అమ్మేవాడు వేరు, వెనక అట్ట పెట్టేవాడు వేరు. ఆ మూడోవాడికి బొమ్మతో ఏ సంబంధమూ లేదు. దుకాణంలో మిగిలిన డబ్బా అట్ట కోసి పెడతాడు.

నాకు తెలిసిన ఒక ఖాలా ఇంట్లో నస్తాలీఖ్‌లో రాసిన ఖితా ఉంది. రాసినాయన ఆమె అబ్బాజాన్. అసలు రాత మంచి పాత కాగితం మీదే ఉంది. నలభై ఏళ్ల కిందట ఎవరో దాని వెనక ముడతల ప్యాకింగ్ అట్ట పెట్టి, ముందు పసుపు మౌంట్ పెట్టి కట్టిచ్చారు. మొన్న ఫ్రేమ్ విప్పితే ఖితా మీద పైనుంచి కిందికి గోధుమరంగు చారలు, వేలెడంత దూరానికి నాలుగైదు చొప్పున. వెనకున్న ప్యాకింగ్ అట్ట ముడతలు ఎలా ఉన్నాయో అచ్చం అలాగే. మౌంట్ కిటికీ అంచు ఉన్నచోట చుట్టూరా సిగరెట్‌తో కాల్చినట్టు గీత. ఖాలా చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆ చారల పక్కనున్న అలిఫ్‌ను వేలితో చూపించి, ఇది అబ్బా చేయి అంది. సియాహీ మాత్రం నల్లగా అలాగే ఉంది.

అట్టలోని యాసిడ్ అట్టలోనే ఉండదు. పక్కనే ఆనుకున్న మంచి కాగితంలోకి పాకుతుంది, తేమ ఉంటే ఇంకా తొందరగా. చెక్కపలక పెడితే ఆ పలకలోని కణుపు ఆకారం కూడా కాగితం మీద అచ్చు పడుతుంది. అందుకే మన వాడుకలో దఫ్తీ అనే ఆ అట్ట విషయంలో ఇంత రాద్ధాంతం. వెనకేగా, ఎవరు చూస్తారు అనేది ఫ్రేముల దుకాణాల్లో రోజూ వినే మాట. ఎవరూ చూడకపోయినా కాగితం రోజుకు ఇరవై నాలుగు గంటలూ దాన్నే తాకుతుంటుంది.

లోపం ఎక్కడుందో వెతికినవాళ్లలో ముఖ్యుడు అమెరికాలోని వర్జీనియాకు చెందిన విలియం బారో. 1950లలో ఆయన 20వ శతాబ్దం తొలి భాగంలో అచ్చయిన 500 పుస్తకాల కాగితాన్ని మడిచి, చింపి పరీక్షించాడు. చాలావరకు వచ్చే యాభై ఏళ్లు కూడా నిలవవని తేల్చాడు. అంతకంటే పాత గుడ్డ కాగితాలు ఎందుకు బతికాయో చూస్తే వాటిలో కాల్షియం కార్బొనేట్ కనిపించింది. అంటే మన కాగజీల సున్నం. ఆ తర్వాత తయారైన మ్యూజియం బోర్డులన్నీ దాదాపు ఆ పాత నుస్ఖాకు తిరిగి వెళ్లినవే. గుడ్డపీలికల బదులు పత్తి గింజ మీద మిగిలే పొట్టి దూది, పటిక బదులు యాసిడ్ లేని జిగురు, పహ్రేదార్‌గా సుమారు రెండు మూడు శాతం కాల్షియం కార్బొనేట్.

ఇక దుకాణానికి వెళ్దాం. యాసిడ్ ఎంతుందో చెప్పే కొలత పీహెచ్. ఏడు అంటే మధ్యస్థం, తక్కువైతే యాసిడ్, ఎక్కువైతే క్షారం. ఇందులో ఒక మెట్టు తేడా అంటే పదిరెట్లు. పీహెచ్ అయిదున్న అట్ట, ఏడున్న దానికంటే నూరు రెట్లు యాసిడ్. మంచి బోర్డు ఎనిమిది, ఎనిమిదిన్నర దగ్గర ఉంటుంది. అయితే ‘యాసిడ్ ఫ్రీ’ అనే చీటీ చెప్పేది బోర్డు ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చిన రోజు సంగతి మాత్రమే. మామూలు చెక్కగుజ్జులో సున్నం కలిపి కూడా ఆ రోజుకు యాసిడ్ ఫ్రీ చేయొచ్చు. లోపల లిగ్నిన్ ఉంటే కొన్నేళ్లకు ఆ సున్నం కాస్తా ఖర్చయిపోతుంది, అట్ట మళ్లీ పాత బుద్ధి చూపిస్తుంది. అందుకని దుకాణదారుని రెండో సవాల్ అడగాలి: లిగ్నిన్ లేనిదేనా? మూడోది: పత్తిదా, శుద్ధి చేసిన చెక్క సెల్యులోజ్‌దా? పత్తిది అన్నిటికంటే మేలు, ధర కూడా అలాగే ఉంటుంది. శుద్ధి చేసిన సెల్యులోజ్ బోర్డు కూడా తీసిపారేసేది కాదు, ఇంట్లో ఉన్న మామూలు వాటర్ కలర్లకు, పిల్లల బొమ్మలకు చాలు. నా లెక్కలో, దాదా చేతిరాతకు పత్తిదే తేవాలి. అలాంటివి ఇంటికి ఎన్నుంటాయి, ఒకటో రెండో.

చూపుకు తెల్లగా ఉంది కదా అని మోసపోవద్దు. చాలా మౌంట్ బోర్డుల్లో పైన కింద తెల్ల కాగితం, మధ్యలో బూడిదరంగో పసుపో గుజ్జు ఉంటుంది. అంచు కోసి చూడాలి. పత్తి బోర్డు పై నుంచి కింద దాకా ఒకే రంగులో ఉంటుంది. పీహెచ్ పెన్ అని ఒకటి దొరుకుతుంది. దాని గీత ఊదారంగులో నిలిస్తే అట్ట మంచిది, పసుపుగా మారితే యాసిడ్. పై కాగితం మీదే కాకుండా కోసిన అంచు మీద, మధ్య పొర మీద గీసి చూడండి. బొమ్మ మీద మాత్రం గీయకండి, ఆ గీత పోదు. పెన్ లిగ్నిన్ సంగతి చెప్పదు, దానికి తయారీదారు కాగితం చదవాల్సిందే.

సున్నం కలిపిన బోర్డు అన్నిటికీ పనికొస్తుందా అంటే, కాదు. సియాహీతో రాసిన ఖత్తాతీకి, పెన్సిల్ బొమ్మకు, అచ్చు కాగితానికి, మామూలు దస్తావేజులకు అదే మంచిది. పట్టు మీద వేసిన పనికి, పాత ఫొటోలకు, ఇళ్ల నక్షాల నీలి ప్రింట్లకు సున్నం కలపని, పీహెచ్ ఏడు దగ్గరుండే బోర్డు అడగాలి. నీలి ప్రింట్లలోని ప్రష్యన్ బ్లూ రంగుకు క్షారం పడదు, వెలిసిపోతుంది. నిజాం కాలపు తోటల, దేవుడీల నక్షాలు ఎవరింట్లోనైనా ఉంటే ఈ మాట గుర్తు పెట్టుకోవాలి. ఫొటోల విషయంలో ఇంకో ఇమ్తిహాన్ ఉంది, ఫొటో యాక్టివిటీ టెస్ట్ అంటారు. అది పాసైన బోర్డే ఫొటోలకు వాడాలి.

ఫోమ్ బోర్డు తేలిక, వంగదు, అందుకే ఫ్రేములవాళ్లకు ఇష్టం. మధ్యలో ఉన్న పాలీస్టైరీన్ నురగ ఏళ్లు గడిస్తే పసుపెక్కి పొడిబారుతుంది. యాసిడ్ లేని ఫోమ్ బోర్డు కొన్నా బొమ్మకు నేరుగా తాకనివ్వకుండా మధ్యలో పత్తి బోర్డు పెట్టాలి. ముడతల ప్లాస్టిక్ షీటు, అదీ పాలీప్రొపిలీన్‌దైతే, తేమను అడ్డుకుంటుంది, యాసిడ్ పుట్టించదు. వానాకాలంలో గోడలు చెమ్మగిల్లే మన ఇళ్లలో అన్నిటికంటే వెనక పొరగా అది బాగుంటుంది. కానీ యాసిడ్ వస్తే పీల్చుకునే సున్నం దానిలో లేదు, కాబట్టి అది ఒంటరిగా చాలదు. ఎంత మందం కావాలంటే, చిన్న ఖితాకు ఒకటిన్నర మిల్లీమీటర్ల బోర్డు సరిపోతుంది. రెండడుగులు దాటితే వంగిపోతుంది, రెండు బోర్డులు పెట్టాలి. బోర్డు ఎప్పుడూ బొమ్మ కంటే అన్ని వైపులా రెండు వేళ్లయినా పెద్దదిగా ఉండాలి. పట్టుకునే చేతులు, తగిలే దెబ్బలు ఆ అంచు మీద పడాలి.

బోర్డుకు బొమ్మను మొత్తంగా అతికించేయడం మాత్రం ఎప్పుడూ వద్దు. వస్లీ అలాగే కదా చేసేవారు అని ఎవరైనా అడగొచ్చు. ఉస్తాద్ బొమ్మ వేయకముందు అతికించేవాడు, అన్నీ ఒకే కాగితాలు, ఒకేలా ఉబ్బేవి, ఒకేలా తగ్గేవి. వేసిన బొమ్మను వేరే అట్టకు తెల్ల జిగురుతో అంటిస్తే రేపు విప్పడం ఎవరి తరం కాదు. పై అంచున రెండు చోట్ల, సన్నటి జపాన్ కాగితపు చిన్న కీలు గోధుమ గంజి లేయీతో పెట్టి వేలాడదీయాలి. తడి తగిలిస్తే వదులుతుంది. లేదా నాలుగు మూలలకూ యాసిడ్ లేని కాగితంతో త్రికోణపు జేబులు చేసి బోర్డుకు అంటించి, బొమ్మను అందులో దూర్చాలి. బొమ్మకు జిగురే తగలదు. సెల్లోటేప్ ఇంట్లో ఉంటే ముందు పిల్లల డ్రాయింగ్ డబ్బాలోకి పంపేయండి.

దాచిపెట్టేటప్పుడు బొమ్మ మీద కిటికీ కోసిన మౌంట్ ఒకటి, వెనక బోర్డు ఒకటి, రెండూ పుస్తకంలా ఒక పక్కన కలిపి ఉంచితే మురఖ్ఖా పుటలాగే తయారవుతుంది. మధ్యలో యాసిడ్ లేని పల్చటి కాగితం వేసి, పడుకోబెట్టి పెట్టెలో ఉంచాలి. ఎవరైనా మెహ్మాన్ వస్తే పెట్టె తీసి, బోర్డు అంచు పట్టుకుని చేతికివ్వొచ్చు. దర్బారులో చూసినట్టే చూస్తారు. కొన్నాళ్లు అల్మారా మీద నిలబెట్టి చూసుకోవాలంటే ముందు పాలిస్టర్ షీటు తొడగండి, పీవీసీ కవర్ కాదు, అది జిడ్డోడి బొమ్మకు అంటుకుంటుంది. బొగ్గుతో, పాస్టెల్‌తో వేసిన వాటికి మాత్రం ప్లాస్టిక్ ఏదీ వద్దు, పొడినంతా లాగేసుకుంటుంది. ఎండ పడే కిటికీ ఎదుట, వంటింటి గోడకు, బయటి వాన తగిలే గోడకు ఆనించొద్దు. రెండు మూడు నెలలు చూసుకుని మళ్లీ పెట్టెలో పెట్టి ఇంకోదాన్ని బయటికి తీయండి. గుడ్డ బస్తాల్లో వేప ఆకు వేసే అలవాటుంటే మంచిదే, కానీ ఆకు బోర్డుకూ కాగితానికీ తగలకూడదు.

పాత అట్ట విప్పినప్పుడు వెంటనే చెత్తబుట్టలో పారేయకండి. రెండు వైపులా చూడండి. ఎవరు రాశారో, ఏ హిజ్రీ సాల్‌లో రాశారో, ఎవరి షాదీకి ఇచ్చారో, ఎంతకు కట్టించారో వెనకాలే రాసి ఉంటుంది చాలాసార్లు. దాన్ని ఫొటో తీసి, కొత్త బోర్డు వెనక కింది మూలలో మెత్తటి పెన్సిల్‌తో ఎక్కించండి. బాల్‌పెన్ను వద్దు, నొక్కు అవతలి వైపుకు తేలుతుంది. బొమ్మ పెట్టకముందే రాయండి.